రాత్రి బువ్వ బంద్ చేస్తేనే కండ పెరుగుతదా?

కాజీపేట జంక్షన్:
వయసు 22, ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు, బరువు 64 కిలోలు. వారానికి నాలుగు రోజులు జిమ్, సాయంత్రం 7 నుంచి 8:30. పడుకునేది 11కి. కావాల్సింది కండ, కటింగ్ (కొవ్వు తగ్గించుడు) కాదు. ఏడు దాటితే అన్నం, రొట్టె ముట్టొద్దు, ఆరు ఎగ్ వైట్స్ తిని పడుకోమని కోచ్ మాట. రెండు నెలల్నించి కాంటా కదుల్తలేదు. రాత్రి కార్బ్స్ (అన్నం, రొట్టెలల్ల ఉండే పిండిపదార్థాలు) తింటే నిజంగ పొట్టకే పోతయా? తింటే ఎన్ని, ఏవి, పడుకునేదానికి ఎంతసేపు ముందు? గుడ్లు, చికెన్, పప్పు అన్నీ నడుస్తయి. రూమ్ల ముగ్గురం, ఒకటే కుక్కర్.

జొన్నరొట్టె:
తమ్మీ, కాంటా ఎందుకు కదుల్తలేదో నీ పోస్టులనే ఉంది. లెక్క జూడు.

64 కిలోల మనిషి, వారానికి నాలుగు రోజులు ఇనుము ఎత్తుతడు, మిగతా టైమ్ క్లాసులు, బండి మీద తిరుగుడు. అటూ ఇటుగ రోజుకు 2300 కేలరీల కాడ బరువు నిలబడతది. పెరగాలంటే పైన ఇంకో 300, అంటే 2600. ఇందుల ప్రొటీన్ 115 గ్రాములు (కిలోకు 1.8), అవి 460 కేలరీలు. కొవ్వు 60 గ్రాములు, అవి 540. మిగిలినయి 1600. గ్రాముకు నాలుగు లెక్కన 400 గ్రాముల కార్బ్స్.

400 గ్రాములంటే పచ్చి బియ్యంల అర కిలో పైనే. పాలు, పండ్లు, పప్పుల నుంచి కొంత వచ్చినా, ఇదంతా పొద్దుగాల నుంచి ఏడు లోపట మింగుడు మామూలు మనిషితోటి కాదు. రాత్రి వంద గ్రాములు కోసేస్తే 400 కేలరీలు పాయె. ఆ ఆరు తెల్లసొనలు తిరిగిచ్చేది ఒక వంద, ప్రొటీన్ 21 గ్రాములు. అంటే పెరగడానికి పెట్టుకున్న 300 అక్కడికక్కడ సాఫ్. కోచ్ చెప్పింది కటింగ్‌ల పనికొచ్చే ఉపాయమే. నువ్వు దాన్ని బల్కింగ్‌ల, అంటే కండ, బరువు పెంచే టైమ్‌ల, వాడుతున్నవు.

జిమ్ నుంచి వచ్చి 9కి తిను. పడుకునేటందుకు రెండు గంటలు దొరుకుతయి, చాలు. ఉడికిన అన్నం 300 గ్రాములు (84 గ్రాముల కార్బ్స్, 390 కేలరీలు), బోన్‌లెస్ చికెన్ పచ్చి తూకం 150 గ్రాములు (33 గ్రాముల ప్రొటీన్), పెరుగు 150 గ్రాములు. చికెన్ లేని నాడు మూడు గుడ్లు, ఒక గిన్నె గట్టి పప్పు. 10:45కు ఇంకా ఆకలైతే పాలు 250 మి.లీ., ఒక అరటిపండు. ఆకలి లేకుంటే బలవంతంగ తాగకు.

ఎగ్‌వైట్ బ్యాచ్:
ఆరామ్‌గ చెప్తున్నరు గానీ, రాత్రి కార్బ్స్ తింటే ఇన్సులిన్ లేస్తది. అది ఉన్నంతసేపు కొవ్వు కరుగుడు బంద్. నిద్రల వచ్చే గ్రోత్ హార్మోన్ కూడా అణుగుతది. కండకు కావాల్సింది అదే కదా? కేలరీలు, కేలరీలు అనుకుంట పోరగాళ్లకు బొజ్జలు పెంచుతున్నరు.

డైటక్క:
ఎగ్‌వైట్ బ్యాచ్ గారూ, మీరు చెప్పినవి అబద్ధాలు కావు, సగం దగ్గర ఆగిపోయాయి. మిగతా సగం నేను చెబుతాను.

ఇన్సులిన్ పెరిగిన ఆ కొన్ని గంటలు కొవ్వు నిల్వల నుంచి బయటికి రావడం తగ్గుతుంది, నిజం. అది మధ్యాహ్నం భోజనం తర్వాత కూడా జరుగుతుంది. అన్నం అరిగి ఇన్సులిన్ దిగాక, తెల్లవారుజాముకి ఒళ్లు మళ్లీ కొవ్వునే ఎక్కువ వాడుకుంటుంది. నిద్రలో పొయ్యి ఆరిపోదు. 64 కిలోల కుర్రాడికి గంటకు అటూ ఇటుగా 60 కేలరీలు, ఏడు గంటలకు 400 పైనే ఖర్చు. ఇరవై నాలుగు గంటల జమాఖర్చులో ఎంత మిగిలిందన్నదే పొట్టను తేలుస్తుంది.

ఇంకొకటి. తిన్న కార్బ్ నేరుగా కొవ్వైపోదు. ముందు గ్లైకోజెన్ (ఒంట్లో దాచుకునే చక్కెర నిల్వ) గాదెలు నిండాలి: కండరాల్లో 400 నుంచి 500 గ్రాములు, కాలేయంలో సుమారు 100. బరువులు ఎత్తి వచ్చిన మనిషికి ఆ పూట పనిచేసిన కండరాల్లో 25 నుంచి 40 శాతం దాకా ఖాళీ అయి ఉంటుంది. రాత్రి తిన్న 84 గ్రాములకు చోటు ఉంది. కానీ రోజు మొత్తం మీద ఎక్కువైతే ఒళ్లు కార్బ్‌ని ముందు కాల్చుకుని, అదే భోజనంలో వచ్చిన నూనెని దాచేస్తుంది. అందుకే తెల్లన్నం, చికెన్ కూరతో రాని పొట్ట రాత్రి పదకొండింటి బిర్యానీతో వస్తుంది. తప్పు బియ్యానిది కాదు, దానికి పట్టిన నూనె, నెయ్యిది.

గ్రోత్ హార్మోన్ విషయం: గ్లూకోజ్ దాన్ని అణచడం నిజమే. ఆ హార్మోన్ అతిగా ఊరే జబ్బుని తేల్చుకోవడానికి డాక్టర్లు 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి చేసే పరీక్ష దీనిమీదే నడుస్తుంది. కానీ మొదటి గాఢనిద్రలో మామూలుగా వచ్చే ఆ పోటు కాస్త పెరిగినా తగ్గినా కండ సైజు మారదు. కండకి మోసే బరువు, ప్రొటీన్, నిద్ర గంటలు కావాలి.

ఇక రెండో పక్షానికి కూడా ఒక మాట. రాత్రి కార్బ్స్ తింటే కండ అదనంగా పెరుగుతుందని కూడా అనుకోవద్దు. 25-30 గ్రాముల మంచి ప్రొటీన్ తిన్నాక దానిమీద కార్బ్ ఎంత కలిపినా కండ కట్టే వేగం పెరగదు. పడుకునే ముందు తినడం మీద గట్టి ప్రయోగాలు జరిగింది ప్రొటీన్‌తోనే. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో 2012లో సాయంత్రం వ్యాయామం చేసిన కుర్రాళ్లకు నిద్రకు ముందు 40 గ్రాముల కేసిన్ (పాలలో ఉండే ప్రొటీన్) ఇస్తే, రాత్రంతా కండ కట్టే వేగం సుమారు 22 శాతం ఎక్కువగా ఉంది. 2015లో అక్కడే 44 మందిపై 12 వారాల ప్రయోగం: ఒక గుంపుకి రాత్రి 27.5 గ్రాముల ప్రొటీన్, 15 గ్రాముల కార్బ్; రెండో గుంపుకి ఏమీ లేని పానీయం. మొదటి గుంపుకి కండ, బలం ఎక్కువ వచ్చాయి. కాకపోతే వాళ్లకి రోజు మొత్తంలో ప్రొటీన్ కూడా ఎక్కువే అందింది. కాబట్టి ఆ ఫలితం రాత్రి గొప్పదనమా, అదనపు ప్రొటీన్ గొప్పదనమా అన్నది ఆ ఒక్క ప్రయోగంతో తేలదు.

ఎగ్‌వైట్ బ్యాచ్:
సరే అక్కా, గ్రోత్ హార్మోన్ మాట వాపస్ తీసుకుంటున్న. పొట్ట సంగతి మాత్రం మా జిమ్ల సగం మందిని చూస్తే ఇంకా నమ్మబుద్ధి కాదు.

డైటక్క:
ఇజ్రాయెల్‌లో 78 మంది పోలీసుల మీద 2011లో వచ్చిన ప్రయోగం ఉంది. ఆరు నెలలు, తక్కువ కేలరీల ఆహారం, ఒక గుంపుకి కార్బ్స్‌లో ఎక్కువ భాగం రాత్రి భోజనంలోనే. వాళ్ల బరువు, నడుము రెండో గుంపు కంటే కాస్త ఎక్కువే తగ్గాయి. అది బరువు తగ్గేవాళ్ల మీద చేసింది, కండ పెంచేవాళ్లకి యథాతథంగా వర్తించదు. రాత్రి తిన్నది పొట్టకే పోతుందన్న భయం తీరడానికి మాత్రం పనికొస్తుంది.

తరాజు:
ముగ్గురికి ఒకటే కుక్కర్ అన్నవు కాబట్టి తూకం సంగతి చెప్తా. ఎక్కువమంది తప్పేది ఇక్కడనే. పచ్చి బియ్యం లెక్కను ఉడికిన అన్నానికి కడతరు. పచ్చివి వంద గ్రాములంటే 78 గ్రాముల కార్బ్స్, ఉడికినంక వందల 28. మూడింతల తేడా.

బియ్యం కడిగే ముందు తూకం వెయ్యి. 400 గ్రాములు పోసినవనుకో. ఖాళీ కుక్కర్ గిన్నె బరువు ఒకసారి చూసి గోడ మీద రాసిపెట్టు. ఉడికినంక గిన్నెతోటి తూచి ఆ బరువు తీసెయ్యి. 1100 గ్రాములు వచ్చిందనుకుందాం. నీ ప్లేట్ల 300 వేసుకుంటే, 300ని 1100తోటి భాగించి 400తోటి గుణించు: 109 గ్రాముల పచ్చి బియ్యం, అంటే 85 గ్రాముల కార్బ్స్. నీళ్లు ఎక్కువైనా తక్కువైనా ఈ లెక్క తప్పదు. గంజి వంచితే మాత్రం కొంత పిండిపదార్థం గంజిల పోతది, అప్పుడు ఐదు పది గ్రాముల తేడా పట్టించుకోకు.

వంటింటి డిజిటల్ కాంటా 5 కిలోలది, ఒక గ్రాము దాకా చూపించేది తీసుకో. ప్లేటు పెట్టినంక సున్నా చేసే బటన్ ఉండాలె. మెస్‌ల తినే రోజు కాంటా పట్టుకపోలేవు కాబట్టి 200 మి.లీ. స్టీలు గిన్నె అంచుకు సమానంగ నింపితే అన్నం 140-150 గ్రాములు అని యాది పెట్టుకో. యాప్‌లల్ల అంకెలు ఎవరు పడితే వాళ్లు ఎక్కించినయి. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2017ల ఇచ్చిన భారతీయ ఆహార పట్టికలతోటి సరిచూసుకో, 528 రకాలున్నయి అందుల.

పాతఇనుము:
గ్యాప్ గురించి. రెండు గంటలు అనేది కొవ్వు పెరుగుతదని కాదు, ఛాతీల మంట రావద్దని. నిండు కడుపుతోటి వెల్లకిలా పడుకుంటే పుల్లటి ఆమ్లం పైకి ఎక్కుతది, నిద్ర చెడుతది, తెల్లారి స్క్వాట్‌ల బలం ఉండది. అప్పుడు జనం అన్నాన్ని తిడతరు. అసలు దొంగలు వేరే: కూరల నూనె, వేపుడు, రాత్రి పూట కారం. కారం తగ్గించలేకుంటే కూరకు మన చపాటా మిర్చి వాడు, రంగు బాగ వస్తది, ఘాటు తక్కువ. మంట ఉన్నోళ్లు మూడు గంటలు వదలండి, ఎడమ పక్కకు తిరిగి పడుకోండి.

గ్యాప్ గంటే దొరికితే జొన్నరొట్టె, మక్క గట్క, బొబ్బర్లు, మీల్ మేకర్ పొద్దటి పూటకు జరుపు. పీచు ఎక్కువ, కడుపుల బరువుగ కూసుంటయి, గ్యాస్. అప్పుడు పెరుగన్నం, అటుకులు-పాలు, అరటిపండు నయం. అటుకులు 50 గ్రాములల్ల 38 గ్రాముల కార్బ్స్, నానితే రెండు నిమిషాల పని. (జొన్నరొట్టె పేరు పెట్టుకున్నాయన కోపానికి రావద్దు.)

ఇంకోటి. 7 గంటల జిమ్‌కు ప్రీ వర్కౌట్ (జిమ్ ముందు తాగే కెఫీన్ డ్రింక్) తాగుతున్నవా? 200 మి.గ్రా. కెఫీన్ 6:30కి పడితే, పడుకునే యాళ్లకు కూడా సగం ఒంట్లనే ఉంటది. నిద్ర పట్టకుంటే ముందు అది బంద్ చెయ్, బువ్వ కాదు. సిడ్నీల 2007ల చూసినరు: పడుకునే నాలుగు గంటల ముందు తొందరగ అరిగే అన్నం తిన్నోళ్లకు, నిదానంగ అరిగే అన్నం తిన్నప్పటి కంటే నిద్ర జల్దీ పట్టింది. 12 మందితోటి చేసిన చిన్న ప్రయోగం, దాని మీద ఇల్లు కట్టలేం, కానీ భయపడే పనైతే లేదు.

జొన్నరొట్టె:
కోపం లేదన్నా. 50 గ్రాముల పిండితోటి చేసిన రొట్టెకు 35 గ్రాముల కార్బ్స్, 5 గ్రాముల ప్రొటీన్. తొమ్మిదికి రెండు రొట్టెలు తిని పదకొండుకు పడుకునేటోనికి ఏం గాదు. పదిన్నరకు తింటే నువ్వన్నదే నిజం.

చలివాగు:
తెలంగాణ సోనా వండుకుంటే రాత్రి ఎంత తిన్నా నడుస్తదంట కదా? షుగర్ ఫ్రీ రైస్ అని అమ్ముతున్నరు.

తరాజు:
షుగర్ ఫ్రీ బియ్యం అనేది ఈ భూమ్మీద లేదు. తెలంగాణ సోనా అంటే ఆర్‌ఎన్‌ఆర్ 15048 రకం, దాని గ్లైసెమిక్ ఇండెక్స్ (తిన్నంక చక్కెర ఎంత జల్దీ ఎక్కుతదో చెప్పే అంకె) సుమారు 51 అని వచ్చింది, అంటే రక్తంల చక్కెర కొంచెం నిదానంగ ఎక్కుతది. గ్రాముకు కేలరీలు మాత్రం హెచ్‌ఎంటీకి, సాంబ మసూరికి ఎంతో దీనికీ అంతే. షుగర్ బార్డర్ల ఉన్నోళ్లకు పనికొస్తది, బల్కింగ్ పోరనికి ఏ బియ్యమైనా ఒకటే. చికెన్, పప్పు, పెరుగు పక్కన పడితే ఆ ఇండెక్స్ ఎట్లాగూ మారిపోతది.

చలివాగు:
మరి కందగడ్డ? శివరాత్రికే తినాల్నా?

తరాజు:
ఉడకబెట్టిన కందగడ్డ (ఆంధ్ర దిక్కు చిలగడదుంప అంటరు, వాళ్ల కంద వేరే) వంద గ్రాములకు 20 గ్రాముల కార్బ్స్. బాగనే ఉంటది గానీ కడుపు జల్దీ నింపుతది, బరువు పెరగనోనికి అదే తిప్పలు. తగ్గేటోళ్లకు ఇంకా మంచిది.

ములుగు రోడ్:
హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ పరీక్ష) 6.0 ఉన్నోళ్లు కండ పెంచాలంటే కూడా గివే లెక్కలా?

డైటక్క:
కాదు. 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే ప్రీ డయాబెటిస్. అదే అన్నం పొద్దున తిన్నప్పటికంటే రాత్రి తింటే రక్తంలో చక్కెర ఎక్కువ ఎక్కుతుంది, ఎందుకంటే ఒంటి గడియారం సాయంత్రానికి ఇన్సులిన్ పనితనాన్ని తగ్గిస్తుంది. ఈ ఒక్క విషయంలో ఏడు తర్వాత వద్దు అనేవాళ్ల మాటలో పస ఉంది. కార్బ్స్‌లో పెద్ద వాటా పొద్దున, మధ్యాహ్నం పెట్టుకోండి. రాత్రి 40-50 గ్రాములు, అవీ వ్యాయామం అయిన వెంటనే. ముందు కూర, ప్రొటీన్ తిని తర్వాత అన్నం తినండి. తిన్నాక పది పదిహేను నిమిషాలు నడవండి.

గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ మాత్రలో, ఇన్సులినో వాడేవాళ్లు మాత్రం ఇక్కడి పోస్టులు చూసి రాత్రి అన్నం మానొద్దు. మందు అదే మోతాదులో ఉండి కార్బ్ తీసేస్తే నిద్రలో చక్కెర పడిపోతుంది. డాక్టర్‌తో మాట్లాడి రెండూ కలిపి మార్చుకోవాలి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు ప్రొటీన్ అంకెలు కూడా ఇక్కడి నుంచి తీసుకోవద్దు.

సెకండ్ షిఫ్ట్:
గోదావరిఖని. షిఫ్ట్ 3 నుంచి 11. ఇల్లు చేరేసరికి 11:45, పడుకునేది 1కి. జిమ్ పొద్దుగాల 10కి. 72 కిలోలు. నైట్ షిఫ్ట్ వారం వేరే గోస. ఏది ఎప్పుడు?

జొన్నరొట్టె:
అన్నా, జిమ్ పొద్దుగాల కాబట్టి పెద్ద భోజనం షిఫ్ట్‌కు ముందే, 1:30కు: అన్నం 350-400 గ్రాములు, మాంసం లేదా గుడ్లు. పనిల దొరికిన విరామంల టిఫిన్ డబ్బా. అర్ధరాత్రికి పెరుగన్నం 200 గ్రాముల అన్నంతోటి (56 గ్రాముల కార్బ్స్), మూడు ఉడకబెట్టిన గుడ్లు. గంట గ్యాపే దొరుకుతది కాబట్టి వేపుడు, పచ్చడి వద్దు. ఈ కార్బ్స్ పొద్దటి జిమ్‌కు కూడా పనికొస్తయి. రాత్రి ఏం తినకుంట లేచి ఖాళీ కడుపుతోటి పదికి డెడ్‌లిఫ్ట్ చేస్తే కండరాల గ్లైకోజెన్ ఉంటది గానీ కాలేయంల నిల్వ తెల్లారేసరికి చానా ఖర్చయితది, కళ్లు తిరుగుతయి.

నైట్ షిఫ్ట్ వారం: పెద్ద భోజనం పోయే ముందు 9కి. రాత్రి రెండు మూడింటికి కడుపు నిండ అన్నం పెట్టకు, ఆ యాళ్ల ఒళ్లు చక్కెరను సరిగ సంభాళించలేదు, నిద్ర కూడా ముంచుకొస్తది. పల్లీలు ఒక పిడికెడు, పండు, గుడ్లు. మూడు దాటినంక చాయ్ బంద్. దిగినంక 8కి మూడు ఇడ్లీ, రెండు గుడ్లు తిని పడుకో, కిటికీకి మందం పరదా కట్టు. ఆ వారం బరువులు పెంచే ప్రయత్నం చెయ్యకు, ఉన్నది నిలబెట్టుకుంటే చాలు.

పుట్నాల పొడి:
మాంసం ముట్టనోళ్లకు రాత్రి 30 గ్రాముల ప్రొటీన్ ఎట్ల? పౌడర్ తప్పదా?

డైటక్క:
తప్పనిసరి కాదు. జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు కూడా పౌడర్ల జోలికి పోవద్దనే అన్నాయి. పాలలో ప్రొటీన్ 80 శాతం కేసినే, అంటే పన్నీర్ మన వంటింటి కేసిన్. కానీ వంద గ్రాముల పన్నీర్‌లో 18-20 గ్రాముల ప్రొటీన్‌తో పాటు 20 గ్రాములు దాటిన కొవ్వు వస్తుంది. రాత్రికి వంద దాటించొద్దు. వెన్న తీసిన పాలతో ఇంట్లో విరగ్గొట్టుకుంటే కొవ్వు తగ్గుతుంది. పన్నీర్ 100, పెరుగు 150, పాలు 200 మి.లీ. కలిస్తే 30 గ్రాములు అందుతాయి. గేదె పాలైతే 250 మి.లీ.కే 16 గ్రాముల కొవ్వు, అది లెక్కలో వేసుకోండి. మీల్ మేకర్ ఎండువి 50 గ్రాములు 26 గ్రాముల ప్రొటీన్ ఇస్తాయి, కానీ పాతఇనుము గారన్నట్టు మధ్యాహ్నానికి. పౌడర్ కొనేవాళ్లు సీల్, పద్నాలుగు అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్స్ నంబర్ చూడకుండా విడిగా పొట్లాల్లో కొనొద్దు.

పాతఇనుము:
జంక్షన్ తమ్మీ, ఇంకో మాట ముందే చెప్పిపెడుతున్న, లేకుంటే మూడో రోజే ఈ ప్లాన్ వదిలేస్తవు. రాత్రి అన్నం మొదలుపెట్టినంక కాంటా ఒక్కసారిగ అర కిలో నుంచి కిలో పైకి పోతది. అది కొవ్వు కాదు. ప్రతి గ్రాము గ్లైకోజెన్ తనతోటి సుమారు మూడు గ్రాముల నీళ్లు పట్టుకుంటది, కూరల ఉప్పు ఇంకొంత. వారం తర్వాత నిలకడయితది.

పొద్దుగాల లేచి బాత్రూమ్ పోయొచ్చినంక, ఏం తాగకముందు తూచుకో. ఏడు రోజుల సగటు రాసుకో, ఒక్కొక్క రోజు అంకె చూసి ఆగం కాకు. మొదటి వారం పక్కనపెట్టు. తర్వాత వారానికి 160 నుంచి 320 గ్రాములు పెరగాలె, నీ బరువుల పావు నుంచి అర శాతం. రెండు మూడు వారాలు కదలకుంటే 50 గ్రాముల పచ్చి బియ్యం కలుపు, 175 కేలరీలు. వారానికి అర కిలో దాటి పెరిగి నడుము కూడా అంగుళం వచ్చిందంటే అంతే తగ్గించు. నడుము బొడ్డు కాడ కొలువు, ప్యాంట్ సైజు నమ్మకు.

కాజీపేట జంక్షన్:
మస్తు సమజ్ అయింది అన్నా, అక్కా. రేపటి నుంచి: 9కి అన్నం 300, చికెన్ 150, పెరుగు 150. 10:45కు పాలు, అరటిపండు. చికెన్ షాపుల స్కిన్‌లెస్ బొక్కలతోటి తెస్తం, అది కూడా 150ఏనా? కూర ముగ్గురికి కలిపే, నూనె అందాజగ పోస్తం.

తరాజు:
బొక్కలతోటి అయితే 150 చాలదు. తూకంల మూడో వంతు దాకా బొక్కకే పోతది, నీ వంతు 225 పెట్టు. నూనె అందాజ మాత్రం వద్దు. ఒక పెద్ద చెంచా, 15 మి.లీ., 120 కేలరీలు. ముగ్గురికి నాలుగు చెంచాలు పోస్తే నీ ప్లేట్లకు 160 వచ్చినయి, నువ్వు లెక్కవెట్టుకున్న అదనపు 300ల సగం అక్కడనే. గరిట పక్కన పెట్టి కొలత చెంచా తెచ్చుకో. మొత్తం మూడు చెంచాలకు ఆపు, మసాలా మాడితే నీళ్లు చిలకరించు.